ఫ్రీ ఎక్స్‌పాన్షన్‌కి డబ్బులు కట్టిందెవరు?

2015 సెప్టెంబరులో షవెల్ నైట్ అనే వీడియో గేమ్‌కి ఒక అప్‌డేట్ వచ్చింది. అప్పటికే పూర్తి చేసి పక్కన పెట్టేసిన గేమ్ అది. తెరిచి చూస్తే లోపల ప్లేగ్ ఆఫ్ షాడోస్ అని ఇంకో కథ మొత్తం ఉంది. పైసా అడగలేదు. హీరో మాత్రం మారిపోయాడు. పాత కథలో మనం పారతో చితక్కొట్టిన విలన్లలో ఒకడు, పక్షిముక్కు మాస్కు పెట్టుకుని బాంబులు విసిరే రసవాది ప్లేగ్ నైట్, ఇప్పుడు మన చేతిలో ఉన్నాడు. తెలిసిన స్టేజే కదా అని ధీమాగా పరిగెత్తి, వేళ్లకి అలవాటైన లెక్క ప్రకారం గొయ్యి ముందు జంప్ కొట్టాను. అవతలి గట్టు అందలేదు. పడి చచ్చాడు. రెండోసారీ అంతే. మూడోసారికి గానీ అర్థం కాలేదు, నా వేళ్లు బాగానే ఉన్నాయి, లెక్కే మారిపోయిందని.

ఫ్రీ ఎక్స్‌పాన్షన్, అంటే గేమ్‌కి తర్వాత ఉచితంగా కలిపే కొత్త భాగం, అనగానే చాలామందికి రెండు అనుమానాలు వస్తాయి. అసలు గేమ్‌లో వాడకుండా మిగిలిన ముక్కల్ని ఏరి కూర్చి ఇచ్చి ఉంటారు, లేదా పాత హీరోకి కొత్త డ్రెస్ తొడిగి వదిలేసి ఉంటారు అని. చాలా గేమ్‌ల విషయంలో ఈ అనుమానం నిజమే కూడా. షవెల్ నైట్ దగ్గర మాత్రం రెండూ తప్పాయి. గేమ్ 2014 జూన్ 26న వచ్చింది. చివరి ఫ్రీ ఎక్స్‌పాన్షన్ 2019 డిసెంబరు 10న వచ్చింది. అంటే ఐదున్నరేళ్ల పాటు ఒక చిన్న కంపెనీ ఒకే గేమ్‌కి ఉచితంగా కొత్త గేమ్‌లు తగిలిస్తూ కూర్చుంది. దాతృత్వమా, వ్యాపారమా, లేక ఒప్పుకుని ఇరుక్కుపోవడమా? నా ఉద్దేశంలో మూడూ కొంచెం కొంచెం ఉన్నాయి. అయితే మూడోదాని పాలే ఎక్కువ.

మాట ఇచ్చిన రోజు

వేఫార్వర్డ్ అనే స్టూడియోలో పనిచేసిన షాన్ వెలాస్కో, మరికొందరు బయటికొచ్చి యాట్ క్లబ్ గేమ్స్ పెట్టుకున్నారు. 1980ల నాటి నింటెండో గేమ్‌ల తరహాలో, పార పట్టుకున్న ఓ చిన్న యోధుడి గేమ్ చేస్తామంటూ 2013 మార్చిలో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనాన్ని డబ్బులడిగారు. అడిగింది 75,000 డాలర్లు. నెల తిరిగేసరికి వచ్చింది 3,11,000 డాలర్ల పైచిలుకు. ఇచ్చినవాళ్లు దాదాపు 14,700 మంది. తలా సగటున 21 డాలర్లు.

కిక్‌స్టార్టర్‌లో స్ట్రెచ్ గోల్ అనే పద్ధతి ఒకటుంది. అనుకున్న మొత్తం దాటి డబ్బు వస్తూనే ఉంటే, ఇంకో ఇంత వస్తే ఇది కూడా చేస్తాం, ఆపైన ఇంకో ఇంత వస్తే అది కూడా చేస్తాం అని ఆశ పెడుతూ పోవడం. డబ్బు ఇంకా చేతికి అందకముందు, గేమ్ ఇంకా తయారు కాకముందు, పైగా అందరూ మంచి ఊపులో ఉన్నప్పుడు చేసే వాగ్దానాలివి. ముగ్గురు విలన్లని హీరోలుగా పెట్టి ఆడుకునే కథలు, నలుగురు కలిసి కొట్టుకునే బ్యాటిల్ మోడ్, పాత్రల్ని ఆడా మగా మార్చుకునే బాడీ స్వాప్ మోడ్, ఇవన్నీ ఆ ఊపులో జాబితాలోకి ఎక్కాయి.

ఆ క్షణంలో అవి చిన్న పనుల్లాగే కనబడి ఉంటాయి. విలన్ బొమ్మ ఎలాగూ గీస్తాం, అతని దెబ్బలెలాగూ కోడ్ చేస్తాం, అతన్నే కంట్రోలర్‌కి కలిపితే సరి! బయటి నుంచి చూసేవాళ్లం మనమూ అలాగే అనుకుంటాం.

వచ్చిన డబ్బు చూడటానికి పెద్ద అంకెలా ఉంది గానీ, అందులోంచి కిక్‌స్టార్టర్ వాటా పోవాలి, కార్డు చార్జీలు పోవాలి, డబ్బిచ్చినవాళ్లకి పంపాల్సిన బహుమతుల ఖర్చు పోవాలి. మిగిలిందాంతో అమెరికాలో గుప్పెడు మంది ఏడాదికి పైగా బతకాలి. అది అసలు గేమ్‌కే చాల్లేదు. విడుదలకి కొన్ని నెలల ముందే డబ్బులు అయిపోయాయనీ, జీతాల్లేకుండానే పని పూర్తి చేశామనీ వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. అంటే గేమ్ బయటికొచ్చే రోజుకి ఖజానా ఖాళీ, చేయాల్సిన మూడు కథలు మాత్రం బాకీ.

బాకీ అనే మాట కావాలనే వాడుతున్నాను. ప్రచారంలో వీటిని కానుక అన్నారు. లెక్కల పుస్తకంలో మాత్రం అది ముందే డబ్బు తీసేసుకున్న సరుకు.

జంప్ మారితే స్టేజ్ మారుతుంది

ఇక అసలు చిక్కు. ప్లాట్‌ఫామ్ గేమ్‌లో హీరోని మార్చడం ఎందుకంత కష్టం?

పాతకాలపు గేమ్‌ల స్టేజ్‌లన్నీ చదరపు గళ్ల మీద కడతారు. ఒక్కో గడి 16 పిక్సెల్స్ వెడల్పు, 16 ఎత్తు అనుకోండి. షవెల్ నైట్ తెర 400 పిక్సెల్స్ వెడల్పు, 240 ఎత్తు. అంటే అడ్డంగా 25 గళ్లు, నిలువుగా 15. ఆ గళ్లలో నేల ఎక్కడ పెట్టాలి, గొయ్యి ఎన్ని గళ్లుండాలి, మెట్టు ఎంత ఎత్తుండాలి అన్నవన్నీ ఒకే ఒక్క కొలతని బట్టి తేలుతాయి. హీరో ఎంత ఎత్తు, ఎంత దూరం దూకగలడన్నదే ఆ కొలత. హీరో మూడు గళ్ల ఎత్తు ఎగరగలిగితే మూడు గళ్ల గోడ దారి అవుతుంది, నాలుగు గళ్ల గోడ అడ్డంకి అవుతుంది. గొయ్యి అవతల శత్రువుని ఒక గడి ముందుకి జరిపితే అదే దూకుడు నల్లేరు మీద నడక నుంచి గుండె దడ దాకా వెళ్తుంది. డిజైనర్ నేలతో రాస్తాడు, ఆటగాడు దూకుడుతో చదువుతాడు.

షవెల్ నైట్‌ది చాలా కచ్చితమైన దూకుడు. గాలిలో ఉండగా కిందికి నొక్కితే పారని కాళ్ల కింద పెట్టి దిగుతాడు, శత్రువు నెత్తిన పడితే బంతిలా మళ్లీ పైకి లేస్తాడు. 1989 నాటి డక్‌టేల్స్ గేమ్‌లో స్క్రూజ్ తన చేతికర్ర మీద గెంతేది గుర్తుందా? ఆ గెంతుకి వారసుడే ఇది. గేమ్‌లో సగం చోట్ల శత్రువు శత్రువు కాదు, మనం ఎక్కి దాటాల్సిన మెట్టు. ప్రైడ్‌మోర్ కీప్ అనే కోటలో మంత్రపు పుస్తకాలుంటాయి. కొడితే వాటి పేజీలు విచ్చుకుని కాసేపు మెట్లలా నిలబడతాయి. ఆ కాసేపు ఎంతసేపు? షవెల్ నైట్ ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకి చేరడానికి పట్టేంత, ఆ పైన ఓ ఊపిరి.

ఇప్పుడు ఇందులోకి ప్లేగ్ నైట్‌ని దింపండి. మామూలు జంప్ పొట్టిది. గాలిలో రెండో జంప్ ఉంది గానీ అదీ అంతంత మాత్రమే. పార లేదు, కాబట్టి నెత్తిన గెంతడం లేదు. ఉన్నదల్లా బాంబులు. దాడి బటన్ నొక్కి పట్టుకుని వదిలితే కాళ్ల కింద పేలుడు జరిగి మనిషి రివ్వున ఎగిరిపోతాడు. ఈ ఎగరడం షవెల్ నైట్ జంప్ కన్నా చాలా పెద్దది. పొట్టి జంప్, రెండో పొట్టి జంప్, ఆపైన పేలుడు: ఈ మూడింటినీ సరైన క్షణంలో కలిపితే తెర ఈ చివర నుంచి ఆ చివరకి. తప్పితే గొయ్యి.

కాబట్టి పాత స్టేజ్‌లో పెడితే ఇతను ఒకచోట అవిటివాడు, ఇంకోచోట పక్షి. రెండు గళ్ల మెట్టు దగ్గర తడబడతాడు, డిజైనర్ ఎంతో శ్రమపడి కట్టిన మూడు తెరల గండాన్ని మాత్రం నెత్తి మీదుగా దాటేస్తాడు. మంత్రపు పుస్తకం తెరవకుండానే అవతలికి పోతాడు. ఇదీ చిక్కు. దీనికి దారులు మూడే. హీరోని స్టేజ్‌కి తగ్గట్టు కత్తిరించడం, స్టేజ్‌ని హీరోకి తగ్గట్టు సవరించడం, లేదా అన్నీ పక్కనపెట్టి మొదటి నుంచి కట్టడం. మొదటి దారి తొక్కితే అది డ్రెస్ మార్పే అవుతుంది, యాట్ క్లబ్ దాని జోలికి పోలేదు. మిగతా రెండిటి మధ్యే ఐదున్నరేళ్లూ గడిచాయి.

మొదటి ఎక్స్‌పాన్షన్ ప్లేగ్ ఆఫ్ షాడోస్ రెండో దారిది. స్టేజ్‌ల అస్థిపంజరం పాతదే. అక్కడక్కడా పేలుడుతో తప్ప అందని మూలలు పెట్టారు, సైఫర్ కాయిన్స్ అనే పచ్చ నాణేలని అలాంటి చోట్ల దాచారు. అవి తీసుకెళ్లి ఇస్తే కొత్తరకం బాంబు తయారీ నేర్చుకోవచ్చు. బాంబు పైపెంకు ఒకటి, లోపలి మందు ఒకటి, వత్తి ఒకటి, ఈ మూడూ మనిష్టం వచ్చినట్టు కలుపుకోవాలి. వంపుగా వెళ్లి పడేదా, నేల మీద దొర్లేదా, తాకగానే పేలేదా, ఆగి పేలేదా. నేను సగం గేమ్ ఒకే కూర్పుతో లాగించి, ఓ బాస్ (స్టేజ్ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గర పదిసార్లు చచ్చాక మెనూ తెరిచి మిగతావి చూశాను. అలా చూడకుండా ముగించినవాళ్లు చాలామందే ఉంటారని నా అనుమానం.

ఈ ఎక్స్‌పాన్షన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి స్టేజ్‌లలో లేదు, కథలో ఉంది. ప్లేగ్ నైట్ కథ షవెల్ నైట్ కథ జరుగుతున్న రోజుల్లోనే జరుగుతుంది. కాబట్టి ఊరు అదే, కోటలు అవే, మనుషులూ వాళ్లే. కానీ ఇతను విలన్ కాబట్టి ఊళ్లోకి దర్జాగా నడిచి వెళ్లలేడు, ఊరి కింద నేలమాళిగలో ప్రయోగశాల పెట్టుకుని ఉంటాడు. మొదటి గేమ్‌లో సీసాలు పగలగొట్టే చిన్న ఆట ఆడించే మోనా అనే మంత్రగత్తె గుర్తుందా? ఆమె ఇక్కడ ఇతని సహాయకురాలు, ఇతను మనసులో మాట చెప్పలేక మెలికలు తిరిగేదీ ఆమె దగ్గరే. పాత బొమ్మల్ని మళ్లీ వాడుకోవాల్సి రావడం డబ్బు కొరత వల్ల. ఆ కొరతకే కథలో కారణం చూపించారు. ఒకే సంఘటనని విలన్ వైపు నుంచి చూస్తున్నాం కాబట్టి చోటు మారకపోవడమే సబబనిపిస్తుంది. కొరతని కప్పిపుచ్చడం వేరు, దాన్ని కథగా మార్చడం వేరు.

ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ

ఆ పద్ధతిలోనే మిగతా రెండూ చేసేసి ఉంటే 2017కల్లా అంతా అయిపోయేదేమో. చేయలేదు.

రెండోది స్పెక్టర్ ఆఫ్ టార్మెంట్. 2017 మార్చి 3న నింటెండో స్విచ్‌తో పాటే, ముందు ఆ మెషీన్ మీద వచ్చి, ఏప్రిల్‌లో మిగతావాటికి చేరింది. ఇది అసలు కథకి ముందు జరిగిన కథ. కొడవలి పట్టుకున్న దెయ్యం లాంటి స్పెక్టర్ నైట్, అందరికన్నా పెద్ద విలన్ అయిన ఎన్‌చాంట్రెస్ ఆజ్ఞ మీద విలన్లందరినీ ఒక్కొక్కరిగా కూడగడతాడు. స్టేజ్‌ల పేర్లూ వాతావరణమూ పాతవే గానీ నేల మొత్తం కొత్తగా కట్టారు. ఎందుకంటే ఇతను గోడల మీద పరిగెత్తగలడు, పైగా డాష్ స్లాష్ అని ఒకటుంది.

ఆ డాష్ స్లాష్‌ని కొంచెం దగ్గరగా చూడాలి. గాలిలో ఉండగా దగ్గర్లో శత్రువో లాంతరో ఉంటే దాని మీద ఒక గీత మెరుస్తుంది. అప్పుడు బటన్ నొక్కితే ఆ గీత వెంట కోసుకుంటూ దూసుకుపోతాడు. గీత ఎటు వంగి ఉంటుందన్నది మనం ఎక్కడున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. లక్ష్యం కన్నా కింద ఉంటే పైకి కోస్తాడు, పైన ఉంటే కిందికి కోస్తాడు. అంతే. కానీ ఈ ఒక్క నియమంతో లాంతరు కాస్తా దారి అయిపోయింది. నేల లేని చోట వరసగా నాలుగు లాంతర్లు వేలాడదీస్తే, ఒకదానికి కింద నుంచి, ఇంకోదానికి పై నుంచి వెళ్తూ కాలు నేలకి ఆనకుండా తెర దాటేయాలి. కుదిరినప్పుడు వేళ్లు దరువేస్తున్నట్టుంటుంది. పాత స్టేజ్‌లలో ఇలా వేలాడదీసే చోటేది? అందుకే పడగొట్టి కట్టారు. నా లెక్కలో ఈ నాలుగు కథల్లోనూ చేతికి అన్నిటికన్నా హాయిగా ఉండేది ఇదే.

మూడోది కింగ్ ఆఫ్ కార్డ్స్. దీని దగ్గరికొచ్చేసరికి పాత స్టేజ్ అన్న మాటే వదిలేశారు. ప్రపంచ పటం కొత్తది, స్టేజ్‌లు పొట్టివి గానీ ముప్ఫై పైచిలుకు. కింగ్ నైట్ భుజంతో గుద్దుతాడు, గుద్దిన ఊపుకి పైకి ఎగిరి గిరగిరా తిరుగుతాడు, తిరుగుతూ శత్రువు మీద పడితే మళ్లీ లేస్తాడు. అంటే గోడ కనిపిస్తే వెళ్లి గుద్దుకోవాలి. మొదటి గంట ఇది బుర్రకెక్కదు, ఆ తర్వాత గోడలన్నీ స్ప్రింగుల్లా కనిపిస్తాయి. ఇది చాలదన్నట్టు జౌస్టస్ అని ఒక పేకాట కూడా పెట్టారు. బాణం గుర్తులున్న కార్డుల్ని గళ్లలో పెడుతూ అవతలివాడి కార్డుల్ని నెట్టి రత్నాలు గెలవాలి. బాగానే ఉంటుంది, కానీ దూకుడు మంచి రసపట్టులో ఉండగా కూర్చుని కార్డులాడాలనిపించదు, నాకైతే.

దీన్ని 2019 ఏప్రిల్ 9న విడుదల చేస్తామని ప్రకటించి, అదీ దాటించి డిసెంబరుకి తెచ్చారు. కిక్‌స్టార్టర్ నాటి బ్యాటిల్ మోడ్ వాగ్దానం కూడా షోడౌన్ అనే పేరుతో అదే రోజు తీరింది.

నెలలు లెక్కపెట్టండి. అసలు గేమ్ నుంచి మొదటి ఎక్స్‌పాన్షన్‌కి 15 నెలలు. అక్కడి నుంచి రెండోదానికి 18. అక్కడి నుంచి మూడోదానికి 33. పని చేసే కొద్దీ చేయి తిరిగి వేగం పెరగాలి కదా, ఇక్కడ రివర్స్‌లో జరిగింది. డబ్బులు తీసుకున్నప్పుడు రాసిచ్చింది ఒక వాక్యం మాత్రమే: ఈ ముగ్గురితో ఆడుకోవచ్చు. అంతకన్నా చేయాలని ఎవరూ అడగలేదు. ప్రతి ఎక్స్‌పాన్షన్ ముందుదాన్ని దాటాలని వాళ్లకి వాళ్లే పెట్టుకున్నారు. బాకీ తీర్చేవాడు అసలుతో ఆపకుండా వడ్డీ మీద వడ్డీ తనే వేసుకుని కట్టినట్టు.

కార్ట్రిడ్జ్ కాలంలో ఇదే పని

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. షవెల్ నైట్ అనుకరించే కాలంలో గేమ్ అంటే ప్లాస్టిక్ డబ్బాలో బిగించిన చిప్. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అమ్మాక దానికి ఏదీ కలపలేం. కొత్త స్టేజ్‌లు కావాలంటే ఇంకో గేమ్‌గా అమ్మాల్సిందే. 1986లో జపాన్‌లో మారియోకి అలాగే చేశారు, అదే గేమ్‌కి మరింత దుర్మార్గమైన స్టేజ్‌లు పెట్టి డిస్కు మీద రెండో భాగమని వదిలారు.

అన్నిటికన్నా తమాషా అయినది 1994లో సెగా చేసింది. సోనిక్ 3 తయారవుతుండగా టైమూ చాల్లేదు, చిప్ ఖరీదూ ఎక్కువైంది. గేమ్‌ని రెండు ముక్కలు చేశారు. అక్టోబరులో వచ్చిన సోనిక్ అండ్ నకల్స్ కార్ట్రిడ్జ్‌కి నెత్తిన మూత ఉండేది. మూత తీసి అందులో సోనిక్ 3 కార్ట్రిడ్జ్‌ని గుచ్చితే రెండూ కలిసి ఒకే పెద్ద గేమ్ అయ్యేవి, పాత సోనిక్ 3 స్టేజ్‌లలో నకల్స్‌తో ఆడుకోవచ్చు కూడా. నకల్స్ జంప్ సోనిక్ కన్నా పొట్టి, కానీ గాలిలో తేలుతూ పోగలడు, గోడలెక్కగలడు. అందుకని అతనికోసం కొన్నిచోట్ల వేరే దారులు పెట్టారు. ప్లేగ్ నైట్ చిక్కే, ఇరవై ఏళ్ల ముందు. తేడా ఒక్కటే, దానికి పూర్తి గేమ్ ఖరీదు కట్టాలి.

రెట్రో రూపం వల్ల యాట్ క్లబ్‌కి ఒక లాభం జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత నింటెండో మెషీన్ చూపించగలిగిన రంగులు యాభై పైన కొన్ని. ఒక్కో చిన్న బొమ్మకి మూడు రంగులు, ఒకే అడ్డ వరసలో ఎనిమిదికి మించి బొమ్మలు పడితే మినుకుమినుకుమనేవి. షవెల్ నైట్ బృందం ఈ నియమాల్లో నచ్చినవి పాటించింది, ఇబ్బంది పెట్టేవి వదిలేసింది. మినుకుమనడం తీసేశారు, రంగులు కొన్ని అదనంగా కలుపుకున్నారు, తెరని 256 పిక్సెల్స్ నుంచి 400కి వెడల్పు చేశారు. సంగీతం కూడా 1989లో కొనామి వాళ్లు జపాన్ క్యాసల్‌వేనియా కోసం పెట్టుకున్న వీఆర్‌సీ6 అనే అదనపు చిప్ ధ్వనుల పరిధిలో జేక్ కాఫ్‌మన్ కట్టాడు. మెగామ్యాన్ మొదటి గేమ్‌కి సంగీతమిచ్చిన మనామి మత్సుమాయే కూడా రెండు ట్యూన్లు ఇచ్చింది.

ఇప్పుడు అదే గేమ్‌ని 2014 నాటి త్రీడీ గ్రాఫిక్స్‌తో తీసి ఉంటే ఏమయ్యేది? 2019లో వచ్చిన ఎక్స్‌పాన్షన్ పక్కన మొదటి గేమ్ పాతబడి కనిపించేది, లేదా కొత్తది కూడా పాత ఇంజన్‌లో ఇరుక్కుని వెలవెలబోయేది. షవెల్ నైట్ పుట్టడమే పాతగా పుట్టింది, ఇంక కొత్తగా పాతబడేదేముంది? మొదటి కథ బొమ్మా, ఐదున్నరేళ్ల తర్వాతి కథ బొమ్మా పక్కపక్కన పెట్టినా ఒకే చేతి గీతలా ఉంటాయి. అన్నేళ్ల వాగ్దానం నిలబడటానికి ఇదొక ముఖ్య కారణమని నేననుకుంటాను.

మరి జీతాలు ఎక్కడివి?

మొదట్లో గేమ్ ధర 15 డాలర్లు. ప్రతి ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడూ వార్తలొస్తాయి, వార్తలు చూసి ఇంతవరకూ కొననివాళ్లు కొంటారు. కొత్త మెషీన్ వచ్చినప్పుడల్లా దాని మీద మళ్లీ అమ్మకాలు. ఉచిత ఎక్స్‌పాన్షన్ అంటే పాత కస్టమర్‌కి బహుమతి, కొత్త కస్టమర్‌కి ప్రకటన. చాలా కంపెనీలు ప్రకటనలకి పెట్టే డబ్బుని వీళ్లు గేమ్ తయారీకే పెట్టారనుకోవచ్చు.

దాంతో పాటు ధర పెంచారు. సాధారణంగా గేమ్ పాతబడే కొద్దీ రేటు తగ్గుతుంది. ఇక్కడ 2017లో అన్నిటినీ కలిపి ట్రెజర్ ట్రోవ్ అని పేరు పెట్టి 25 డాలర్లు చేశారు. చివరి ఎక్స్‌పాన్షన్‌తో 40 అయింది. మొదటి కథకి షవెల్ ఆఫ్ హోప్ అని కొత్త పేరు పెట్టి, ఏదో ఒకటి చాలనుకునేవాళ్లకి కొన్నిటిని విడివిడిగానూ అమ్మారు. కాబట్టి ఈ ఎక్స్‌పాన్షన్‌లు ఫ్రీనా అంటే, ఎప్పుడు కొన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. 2014లో కొన్నవాడికి నిజంగా ఫ్రీ. 2013లో కిక్‌స్టార్టర్‌లో డబ్బిచ్చినవాడికి ముందే కట్టేసిన సరుకు. 2020లో 40 డాలర్లు పెట్టి కొన్నవాడికి ఫ్రీ ఏమీ లేదు, ఒకే ప్యాకెట్‌లో నాలుగు గేమ్‌లు కొనుక్కున్నాడు, అంతే. ముగ్గురి తెర మీదా కనిపించే మెనూ మాత్రం ఒకటే.

దీన్ని మోసం అనను. ముందు కొన్నవాడు నమ్మి కొన్నాడు, ఆ నమ్మకానికి తక్కువ ధర పడింది. ఆఖర్న కొన్నవాడు పూర్తయిన వస్తువు చూసి కొన్నాడు. కానీ ఈ లెక్క పారాలంటే ఒక షరతు ఉంది, గేమ్ ఏళ్ల తరబడి అమ్ముడవుతూనే ఉండాలి. షవెల్ నైట్ హిట్ అయింది కాబట్టి సరిపోయింది. అదే వాగ్దానం చేసి, గేమ్ మొదటి నెలలోనే చతికిలబడితే, మిగతా మూడు కథలు చేయడానికి ఎవరి జేబులోంచి తీస్తారు?

ఇదే చిక్కుని ఇంకోలా విప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు. టీమ్ చెర్రీ వాళ్లు 2014లో హాలో నైట్ అనే గేమ్ కోసం కిక్‌స్టార్టర్‌కి వెళ్లినప్పుడు, హార్నెట్ అనే పాత్రతో కూడా ఆడుకోవచ్చని ఒక స్ట్రెచ్ గోల్ పెట్టారు. 2017లో గేమ్ వచ్చాక నాలుగు చిన్న ఎక్స్‌పాన్షన్‌లు ఫ్రీగా ఇచ్చారు, అవి ఉన్న లోకానికి, ఉన్న హీరోకి కలిపినవి. హార్నెట్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ అదే జంప్ సమస్య. ఆమె వేగం వేరు, ఎత్తు వేరు, పాత గుహలు ఆమెకి సరిపోవు. పని పెరిగి పెరిగి, 2019 ఫిబ్రవరిలో ఇది ఎక్స్‌పాన్షన్ కాదు, సిల్క్‌సాంగ్ అనే వేరే గేమ్ అని ప్రకటించారు. దాన్ని ధర పెట్టి అమ్ముతారు, కిక్‌స్టార్టర్‌లో డబ్బిచ్చినవాళ్లకి మాత్రం ఉచితంగా ఇస్తారు. అది 2025 సెప్టెంబరు 4న వచ్చింది. వ్యాపారంగా చూస్తే వీళ్లదే తెలివైన దారి. యాట్ క్లబ్ కూడా స్పెక్టర్ ఆఫ్ టార్మెంట్ దగ్గర ఇలా అని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు.

సెలెస్ట్ అనే గేమ్ చేసినవాళ్లది ఇంకో రకం. 2019 సెప్టెంబరులో ఫేర్‌వెల్ అని వంద తెరలు దాటిన ఒక ఛాప్టర్‌ని ఫ్రీగా ఇచ్చి, ఇదే ఆఖరు అని చెప్పి చేతులు దులుపుకున్నారు. హీరోయిన్ మారలేదు, జంప్ మారలేదు. ఉన్న జంప్‌లోనే ఇంకా ఎంత లోతుందో తవ్వి చూపించారు. ముందుగా ఎవరికీ బాకీ లేరు కాబట్టి ఎక్కడ ఆపాలో వాళ్లే నిర్ణయించుకున్నారు.

ఇప్పుడు ట్రెజర్ ట్రోవ్ కొత్తగా కొని ఏది ముందు ఆడాలని అడిగేవాళ్లుంటారు. కథ ప్రకారం కింగ్, స్పెక్టర్ ముందు జరిగినవి గానీ, వచ్చిన వరసలోనే ఆడండి: షవెల్, ప్లేగ్, స్పెక్టర్, కింగ్. ముందు షవెల్ నైట్ దూకుడు వేళ్లకి పట్టాలి, లేకపోతే మిగతావాళ్లు ఎక్కడ తేడాగా ఉన్నారో తెలీదు. ప్లేగ్ నైట్ మొదటి గంటలో చిరాకు పెడతాడు, బాంబుల మెనూ త్వరగా తెరవండి, నాలాగా ఆగకండి. జౌస్టస్ నచ్చకపోతే వదిలేయొచ్చు, దాని కోసం కథేమీ ఆగదు.